కొలతలు తీసుకోకుండా గుడ్డ కొన్న మామూ

2023లో రంజాన్ ఈద్ అయిన మరుసటి వారం మా ఆపా నా చేతిలో 28 వేల రూపాయలు పెట్టింది. పద్నాలుగు మంది ఆడవాళ్లు నెలకు రెండేసి వేలు వేసుకునే కమిటీలో తన వంతుకు వచ్చిన డబ్బు అది. దుల్హాభాయ్ సౌదీలో డ్రైవరు. ఆయన పంపేది ఇంటి కిరాయికి, పిల్లల ఫీజులకు సరిపోతుంది. కమిటీ డబ్బు మాత్రం ఆపా గుంటూరులో ఇంట్లో కూర్చుని బురఖాలు, జాకెట్లు కుట్టి కట్టుకున్నది.

"మున్నా, చోటూకి కంప్యూటర్ కావాలంట. ఆడుకుంటాడు, చదువుకూ పనికొస్తుందంటున్నాడు. నాకేం తెలీదు. నువ్వు చదువుకున్నోడివి, నీ మీదే భరోసా" అంది.

చోటూ నా భాంజా. అప్పుడే ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాశాడు. నేనేమో బళ్లో సోషల్ చెప్పే టీచర్ని. కంప్యూటర్ల గురించి నాకున్న ఇల్మ్ ఏపాటిదంటే, నంబరు పెద్దదైతే సామాను మంచిది, అంతే. ఒక దుకాణంలో అద్దాల డబ్బా, లోపల రంగురంగుల లైట్లు, పైన "కోర్ ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్" అని చీటీ. ఐ3, ఐ5 కన్నా ఐ7 పెద్దదే కదా! 27,500 ఇచ్చి ఆటోలో పెట్టించుకుని వచ్చాను. అది ఎన్నో తరం ఐ7 అని అడగాలని తట్టలేదు. అది కూర్చున్న మదర్‌బోర్డు ఏదని అసలే అడగలేదు. ఆ మాటకొస్తే, అడగాల్సిన సవాల్ అదేనని కూడా తెలీదు.

నాలుగు నెలలు బాగానే నడిచింది. చోటూ జీటీఏ 5 ఆడుకున్నాడు. ఆపా మిషను తొక్కుతూనే తెర వైపు చూసి నవ్వుకునేది. తర్వాత వాడి దోస్తులంతా వాలరెంట్‌కు మారారు. వీడూ ఎక్కించుకున్నాడు. ఆట తెరుచుకోలేదు. విండోస్ 11 మీద ఆ ఆట నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండాలి. మా మిషన్‌లో టీపీఎం లేదు. దుకాణంవాడు అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చాడని అప్పుడు తెలిసింది.

చోటూ తనే డబ్బా విప్పి, బోర్డు మీద నంబరు చదివి, నాకు ఫోన్ చేశాడు. "మామూ, ఇది హెచ్61 బోర్డు. 2011 నాటిది."

హెచ్61 అంటే ఇంటెల్ వాళ్ల ఎల్‌జీఏ 1155 సాకెట్. రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు తప్ప ఇంకేవీ అందులో కూర్చోవు. మాది ఐ7-3770, 2012లో వచ్చింది. ఆ సాకెట్‌కు దాదాపు అదే ఆఖరు మెట్టు. ర్యామ్ డీడీఆర్3, రెండే స్లాట్లు, రెండూ నిండిపోయాయి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి చోటే లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే, "సార్, ఆ బోర్డుకు అదే ఆఖరు, మార్చాలంటే అన్నీ మార్చాలి" అన్నాడు. వాపసు తీసుకుంటే ఎంతిస్తావంటే ఆరు వేలన్నాడు.

"ఫర్వాలేదు మామూ, విండోస్ 10 ఎక్కించుకుంటాలే" అన్నాడు చోటూ. వాడు కోపపడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆపాకు చెప్పక తప్పలేదు. ఆమె చేతిలో టేపు అలాగే ఉంది. నేను చెప్పిన సాకెట్లు, చిప్‌సెట్లు అన్నీ విని ఒక్క ముక్క అంది. "అంటే, కొలతలు తీసుకోకుండా గుడ్డ కొన్నావన్నమాట."

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ నేను శర్మిందా అయిపోయాను. ఎవరైనా మన చేతిలో పెట్టిన డబ్బు అమానత్. దొంగిలిస్తేనే ఖయానత్ అనుకుంటాం. తెలుసుకోకుండా ఖర్చుపెట్టడం కూడా దానికి దగ్గరి చుట్టమేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత చోటూ ఊరికే కూర్చోలేదు. నిఖా, వలీమా వీడియోలు ఎడిట్ చేసే ఒక అన్న దగ్గర సాయంత్రాలు పనికి కుదిరాడు. డిగ్రీ మొదటి సంవత్సరం అయ్యేసరికి, అంటే 2025 ఎండాకాలానికి, 55 వేలు కూడబెట్టాడు. అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్టు ఆగిపోతుందని అప్పటికే అందరికీ తెలుసు. "మామూ, ఈసారి విడి సామాను కొని నేనే బిగిస్తా, నువ్వు తోడు రా" అన్నాడు. నేను వస్తానన్నాను, కానీ షరతు పెట్టాను. మొదట ఇద్దరం కూర్చుని బోర్డు సంగతి తేల్చాలి, మిగతా సామాను పేరు ఆ తర్వాతే ఎత్తాలి.

ఇషా అయ్యాక నెల రోజులు ఆపా ఇంట్లో అదే మష్వరా. మేం నేర్చుకున్నది ఆపాకు చెప్పిన భాషలోనే ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ఇంట్లో పిల్లలూ అడుగుతారు.

మదర్‌బోర్డు స్వయంగా ఆటను వేగం చేయదు. అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు పెడితే 13 వేల బోర్డు మీదా 35 వేల బోర్డు మీదా ఆట దాదాపు ఒకేలా నడుస్తుంది. కానీ ఏ ప్రాసెసర్ పెట్టొచ్చు, ఏ ర్యామ్ పడుతుంది, రేపు ఏం మార్చుకోవచ్చు అన్నీ నిర్ణయించేది అదే.

మొదటి కొలత సాకెట్. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్‌లో 2017 నాటి బోర్డులు కూడా చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసుకుంటే 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లు నడిచాయి. దాని తర్వాతది 2022లో వచ్చిన ఏఎం5. 2027 వరకు, ఆ తర్వాత కూడా ఈ సాకెట్‌కు తోడుంటామని కంపెనీ చెప్పింది. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు పనిచేసింది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా ప్రాసెసర్లకు మళ్లీ కొత్త సాకెట్, కొత్త బోర్డు.

రెండోది ర్యామ్. డీడీఆర్4 కడ్డీ డీడీఆర్5 స్లాట్‌లో దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. ఏఎం5లో డీడీఆర్5 ఒక్కటే.

మూడోది వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల కరెంటును ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు, ఒకటింపావు వోల్టుకు దించి అందించే భాగం. దాని మీద వేడి లాగే లోహపు దిమ్మ కూడా లేని చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెడితే వేడెక్కి వేగం తగ్గిపోతుంది.

నాలుగోది సైజు. ఏటీఎక్స్ 30.5 సెంటీమీటర్ల పొడవు, 24.4 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 24.4. మినీ ఐటీఎక్స్ 17. క్యాబినెట్‌కు సరిపోయేది చూసుకోవాలి. ఒక్క గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే ఇంటికి మైక్రో ఏటీఎక్స్ చాలు.

ఐదోది బయోస్. బోర్డు పాతది, ప్రాసెసర్ కొత్తది అయితే అప్‌డేట్ చేసేదాకా తెర వెలగదు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఆ పని చేసుకోవచ్చు.

గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. అంతస్తులన్నీ కంప్యూటర్ సామానే. అక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. చోటూ కళ్లు ఒక ఎక్స్870 బోర్డు మీద పడ్డాయి. 32 వేలు. లైట్లు, వైఫై, అన్నీ. నేనేమో పాత దెబ్బ గుర్తొచ్చి అందరికన్నా చవకైన ఏ620 తీసుకుందామన్నాను. కుర్రాడి డబ్బు వృథా కాకూడదని నా భయం.

"మామూ, పోయినసారి నువ్వు లైట్లు చూసి కొన్నావు. ఈసారి భయం చూసి కొంటున్నావు" అన్నాడు.

దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. వాడు కాగితం తీసి హిసాబ్ వేశాడు. 32 వేల బోర్డు కొంటే గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు మిగలదు, ఆట ఆడేది కార్డే. ఆ మాట వాడే ఒప్పుకున్నాడు. కానీ ఏ620లో ఆ దుకాణంలో ఉన్నదానికి ఎం.2 చోటు ఒకటే, ర్యామ్ స్లాట్లు రెండే, వీఆర్‌ఎం మీద దిమ్మ లేదు. "అమ్మీ చిన్నపిల్లల బట్టలు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదులుతుంది కదా మామూ, పెరిగితే కుట్లు విప్పి వదులు చేయడానికి. మనకూ అంత గుడ్డ చాలు."

ఇక నేను మాట్లాడలేదు. బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 13,500. రైజెన్ 5 7600 ప్రాసెసర్, 17,500. డీడీఆర్5 ర్యామ్ 16 జీబీ కడ్డీలు రెండు, 9 వేలు. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ 5,500. ఎస్‌ఎంపీఎస్ 5 వేలు, క్యాబినెట్ 4 వేలు, గ్రాఫిక్స్ కార్డు 28 వేలు. మొత్తం 82,500. మానిటర్ ఇంట్లో పాతదే.

వాడి దగ్గర ఉన్నది 55 వేలు. కార్డు తర్వాత కొనుక్కుందామని ఊరి నుంచి బయల్దేరేటప్పుడే అనుకున్నాడు. నేను జేబులోంచి 28 వేలు తీశాను. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దు మామూ, అమ్మీ తిడుతుంది."

"ఇది ఈదీ కాదు బేటా, హదియా కూడా కాదు. మీ అమ్మీ అమానత్. రెండేళ్లు ఆలస్యమైంది" అన్నాను. వాడు కాసేపు నా మొహం చూసి తీసుకున్నాడు. మిగిలిన 500లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. రాత్రి బస్సులో ఒళ్లో పెట్టుకున్న బోర్డు డబ్బాను వాడు గుంటూరు దాకా వదల్లేదు.

మర్నాడు మగ్రిబ్ తర్వాత ఆపా కత్తిరింపుల బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. ఏఎం5లో సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, 1718. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే, వారంటీ కూడా రాదు. చోటూ ప్రాసెసర్‌ను మూల గుర్తు చూసి పెట్టి, లివర్ నొక్కాడు. కిర్రుమంది. నా ప్రాణం పోయింది. "అలాగే అంటుంది మామూ" అన్నాడు. పైనున్న ప్లాస్టిక్ మూత దానంతట అదే ఊడి వచ్చింది. దాన్ని పారేయకుండా డబ్బాలో దాచాడు. వారంటీకి పంపాలంటే ఆ మూత పెట్టి పంపాలి. ర్యామ్ కడ్డీలు పక్కపక్కన కాకుండా రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి గుచ్చాడు.

రాత్రి పదకొండుకు బిస్మిల్లా అని బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. బోర్డు అంచున ర్యామ్ గుర్తు పక్కన చిన్న దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు. ఆపా మిషను ఆపింది. నాకు చెమటలు. మళ్లీ ముంచేశానా? ఆపు, తీసి మళ్లీ పెడదాం అన్నాను.

"సబర్ మామూ. కొత్త ర్యామ్‌ను బోర్డు తెలుసుకుంటోంది. డీడీఆర్5కు మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇప్పుడు కరెంటు ఆపకూడదు."

నాలుగో నిమిషంలో తెర వెలిగింది. ఆపా "మాషాఅల్లాహ్" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. 28 వేల సంగతి ఆమెకు వాడు అప్పటికే చెప్పేశాడు. నన్ను తిట్టలేదు, మాఫీ అనీ అనలేదు. అన్నం తిని వెళ్లమంది.

పాత ఐ7 డబ్బాను ఆరు వేలకు అమ్మలేదు. చోటూ దానిలో లినక్స్ ఎక్కించాడు, చెల్లెలు తొమ్మిదో తరగతి పాఠాలు చూసుకుంటోంది. సామాను పాడైంది కాదు, నేను దానికి తప్పు పని అప్పగించాను.

మీ దగ్గరికీ ఎవరో ఒకరు వస్తారు. భయ్యా, నువ్వు చదువుకున్నోడివి, పిల్లాడికి కంప్యూటర్ చూసి పెట్టు అంటారు. తెలిస్తే వెళ్లండి. తెలియకపోతే తెలియదని చెప్పండి, లేదా నెల రోజులు గడువు అడగండి. దుకాణంలో ప్రాసెసర్ పేరు ఎలాగూ వాళ్లే చెబుతారు. మీరు మాత్రం బోర్డు పేరు, సాకెట్ పేరు కాగితం మీద రాయించుకుని, ఇంటికొచ్చి చూసుకుని, మర్నాడు డబ్బు కట్టండి. ఒక్క రాత్రి ఆలస్యంతో పోయేదేమీ లేదు.