పంతులుగారి ఊరు రాజమండ్రి

ఏప్రిల్ 16 వచ్చిందంటే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి విగ్రహాలకు పూలదండలు పడతాయి, సభలు జరుగుతాయి. అదే రోజును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతూ, రంగస్థలాన్ని నమ్ముకున్నవారికి కందుకూరి పేరిట పురస్కారాలు ఇస్తుంది. 1848లో ఆ రోజునే ఈ ఊళ్లో పుట్టిన ఆయన్ను ఊరు ఒక రకంగా తలుచుకుంటే, నాటకరంగం మరో రకంగా తలుచుకుంటుంది. ఊరికి ఆయన వితంతు వివాహాలు చేయించిన సంస్కర్త. రంగస్థలానికి ఆయన దారి చూపిన నాటకకర్త, దర్శకుడు. నిజానికి ఆయనకు ఈ రెండూ వేరు కావు. ఆ సంగతి రాజమండ్రి వీధుల్లో తిరిగితేనే బాగా బోధపడుతుంది.

పాకలో మొదలైన నాటకం

కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలోనే 'మంజరీ మధుకరీయం' రాశారు. అయితే అది పుస్తకంగానే ఉండిపోయింది. తెలుగు నాటకం జనం ముందుకు వచ్చింది 1880లో, రాజమండ్రిలో. ఆ ఏడు ధార్వాడ నాటక సమాజం వారు ఇక్కడికి వచ్చి హిందీ నాటకాలు ఆడారు. జనం విరగబడి చూశారు. వారు వెళ్లిపోయాక, ఆడిన పాక అలాగే ఉంది. అప్పుడు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్న వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి, వేషాలు కట్టించి, తెలుగులో నాటకాలు ఆడించారు. షేక్స్‌పియర్ హాస్యనాటకాన్ని అనుసరించి రాసిన 'చమత్కార రత్నావళి', ప్లీడర్ల మోసాలను ఎండగట్టిన 'వ్యవహార ధర్మబోధిని' ఆ కాలానివే.

అంతకు ముందే, 1874లో, ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా ఉండగా 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. కోర్టుల్లో లంచగొండితనాన్ని అందులో పేర్లతో సహా బయటపెట్టారు. అయితే అక్షరం రానివాళ్లకు పత్రిక ఏం చెబుతుంది? వాళ్ల దగ్గరకు వెళ్లగలిగింది నాటకమే. కాసులకు కన్నెపిల్లను కొని చేసుకునే ముసలి పెళ్లికొడుకు మీద రాసిన 'బ్రహ్మవివాహం' జనం నోట 'పెద్దయ్యగారి పెళ్లి'గా నిలిచింది. ఆ ప్రహసనాల్లో పాత్రలు గ్రంథాల భాష వదిలి ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే మాటలే మాట్లాడతాయి. నవ్వుతూ చూస్తున్నవాడికి ఆ వేషంలో తన మేనమామో, పక్కింటి పెద్దమనిషో కనబడతాడు. పంతులుగారికి కావలసింది అదే.

పాకలో నాటకాలు ఆడించిన మరుసటి ఏడాది, 1881 డిసెంబర్ 11న, ఇదే ఊళ్లో ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు భగ్గుమంది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి వంట చేశారు. విద్యార్థులు వెన్నంటి నిలిచారు. అంతకు ఏడాది ముందు నాటకాల్లో వేషాలు కట్టిందీ విద్యార్థులే. రంగస్థలం మీద చెప్పిన మాటను నిజంగా చేసి చూపించే సమయానికి ఆయనకు అండగా నిలిచింది ఆ తరమే.

ఇటుకల్లో నిలిచిన జ్ఞాపకం

ఆయన పుట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. ఆ పాత ఇంట్లో అడుగుపెట్టినవారికి అక్కడి ఫోటోలు, జ్ఞాపికలు ఆయన జీవితాన్ని కళ్ల ముందు నిలుపుతాయి. ఇక్కడినుంచి టౌన్ హాలుకు వెళ్లాలి. సభలకూ చర్చలకూ ఊరికి ఒక చోటు ఉండాలని 1890లో ఆయన కట్టించిన పురమందిరం అది. ఇంకా ముందుకు వెళితే ఆయన తోట ఆనందోద్యానం. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన యావదాస్తినీ దానికి రాసిచ్చారు. ఆస్తికోన్నత పాఠశాల, ఆయన పేరు మీద కళాశాల, రాజ్యలక్ష్మమ్మ పేరు మీద మహిళా కళాశాల ఆ చెట్టు కొమ్మలే. ఆడపిల్లకు చదువెందుకన్న కాలంలో బడి తెరిచిన దంపతుల పేరు మీద ఈనాడు ఆడపిల్లలు డిగ్రీ పట్టాలు అందుకుంటున్నారు. ఒక మనిషిని ఊరు తలుచుకోవడానికి ఇంతకంటే గొప్ప మార్గం నాకు తోచదు.

ఆయన తరవాత

ఆ పాకలో రాజుకున్న నిప్పు చల్లారలేదు. 1867లో ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రిలో స్థిరపడి, ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటక సమాజం కోసం 1889లో 'కీచకవధ' రాశారు. ఆ వెంటే వచ్చిన 'గయోపాఖ్యానం' పుస్తకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడైందని ప్రసిద్ధి. హనుమంతరావు నాయుడి వెంట ఒంగోలు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆ నాటకాల్లో వేషాలు కట్టాడు. ఆ కుర్రాడే టంగుటూరి ప్రకాశం. తరవాత ఇదే ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. చిలకమర్తికి చూపు క్రమంగా మందగించి పూర్తిగా పోయినా రచన ఆగలేదు. పంతులుగారి బాటలోనే 1909లో దళిత బాలలకు బడి పెట్టారు.

ఇంకొక తరం గడిచాక, వీరేశలింగం ఆస్తికోన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన మాస్టారు భమిడిపాటి కామేశ్వరరావు. ఫ్రెంచి రచయిత మోలియర్‌ను తెలుగింటి మనిషిగా మార్చి ఊరిని నవ్వించారు. పంతులుగారు ఇంగ్లీషు నాటకకర్త షెరిడన్‌ను తెలుగు చేస్తే, ఆయన పెట్టిన బడిలో జీతం తీసుకున్న మాస్టారు మోలియర్‌ను తెచ్చారు. ఆయన కుమారుడు భమిడిపాటి రాధాకృష్ణ 'కీర్తిశేషులు' వంటి నాటకాలతో ఆ వరసను కొనసాగించారు.

ఇటు డెల్టా పల్లెల్లో మరో ప్రవాహం. సంక్రాంతికో, అమ్మవారి జాతరకో రాత్రంతా పద్యనాటకం. హార్మోనియం శ్రుతి ఎత్తగానే ముసలివాళ్లు కూడా నడుం సర్దుకుని కూర్చుంటారు. కడియం చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, యండగండి దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా రాసిన పాండవోద్యోగ పద్యాలకు 'వన్స్ మోర్' కేకలు వినపడని ఊరు గోదావరి జిల్లాల్లో అరుదు. ఆ నాటకాలను జనం పాడుకుంటూ బతికించుకున్నారు. పంతులుగారి ప్రహసనాలకు ఆ అదృష్టం దక్కలేదు. ఆయన గొప్పతనం పాఠ్యపుస్తకాల్లో చేరింది, ఆయన హాస్యం మాత్రం రంగస్థలానికి దూరమైంది.

విగ్రహానికి దండ వేయడం మంచిదే. పురస్కారాలు ఇవ్వడం ఇంకా మంచిది. అయితే నాటకకర్తకు అసలైన జయంతి ఆయన నాటకం ఆడటమే. ప్రతి ఏప్రిల్ 16 సాయంత్రం ఆయన కట్టించిన టౌన్ హాలులో, ఆయన పేరున్న కళాశాలల విద్యార్థులే 'బ్రహ్మవివాహం'లో పాత్రలు ధరించాలి. కొత్త ప్రహసనాలకు పోటీ పెట్టి, నెగ్గినదాన్ని అదే వేదిక మీద ఆడించాలి. కట్నాలు, లంచాలు, పసిపిల్లల పెళ్లిళ్లు నేటికీ పోలేదు, రాయవలసినది చాలా ఉంది. 1880లో విద్యార్థులతో మొదలైన పనిని విద్యార్థులే అందుకోవాలి. పంతులుగారు ఈ ఊరికి అప్పగించిన పని అది.