డిసెంబరు కబుర్లు: పండగకు ముందు నాలుగు వారాలు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం 2025లో నవంబరు 30నే మొదలైంది. మొదటి ఆదివారం ఆరాధన అయిందో లేదో, మా గుంటూరు పేటల్లో మేడల మీద నక్షత్రాలు వెలిగాయి. వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి ఇంట్లోనే నక్షత్రం కట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, చూస్తే ప్రాణం లేచొచ్చింది. కుట్టుమిషన్ల దగ్గర గుడ్డలు గుట్టలుగా పడున్నాయి. బళ్ళలో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్‌లు జోరుగా సాగుతున్నాయి. అన్ని మతాలవాళ్ళూ ఒకచోట కూర్చుని కేకు తినే రోజులివి. నాకు చాలా ఇష్టం.

చర్చిలో పచ్చని ఆకుల వలయం పెట్టి, వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తున్నాం కదా, దాని పుట్టుక మా ఆదివారపు బడి పిల్లలకు చెప్పాను. 1839లో జర్మనీలోని హాంబర్గులో విషెర్న్ అనే లూథరన్ బోధకుడు దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. పండగెప్పుడు, పండగెప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు గుచ్చి రోజుకొకటి వెలిగించాడట. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. ఇవాళ లోకమంతా చర్చిల్లో వెలిగే ఆ దీపాలు మొదట వెలిగింది దిక్కులేని పిల్లల కోసం. ఇది విన్నాక, వచ్చే ఆదివారం కొవ్వొత్తి వెలిగించడానికి హాస్టలు పిల్లల్ని పిలుద్దామని మా పిల్లలే అన్నారు. పాస్టరు అయ్యగారు వెంటనే సరేనన్నారు.

స్త్రీల సమాజం కబురు. ఏడాది పొడుగునా పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యం డబ్బాలు ఈ నెలలో చర్చి వరండాలోకి వస్తాయి. చాప పరిచి పోస్తే సోనామసూరీ, రేషను బియ్యం, ఎవరి పొలంలోవో కొత్త బియ్యం, అన్నీ కలిసిపోతాయి. కలగలుపు బియ్యం అన్నం వండితే సగం చిమిడి, సగం పలుకుగా ఉంటుంది. అలాంటివి ఒకరికివ్వడం మర్యాద కాదని మా పెద్దమ్మలు ఎప్పుడో తేల్చేశారు. అందుకని చాప మీద పోయకముందే ఒకే రకం వచ్చిన డబ్బాలు వేరుచేసి మూటలు కడతారు. కలిసినవి చేటల్లో చెరిగి, రాళ్ళేరి, పిండి ఆడించి జంతికలు వండుతారు. కారం తక్కువ, వాము ఎక్కువ, నువ్వులు తప్పనిసరి. పళ్ళు లేని ముసలివాళ్ళకు మాత్రం మెత్తగా రవ్వలడ్డు. ఎవరికేం కావాలో ఆలోచించి చేసిన పని అది. నా మటుకు నాకు సగం ప్రేమ ఆ ఆలోచనలోనే ఉంటుంది.

ఇక మనసులో నలుగుతున్న మాట. కిందటేడు ఒకచోట దుప్పట్ల పంపకానికి వెళ్ళాను. దుప్పటి అంచు ఇచ్చేవాళ్ళ చేతుల్లో ఒకటి, పుచ్చుకునే ముసలామె చేతుల్లో ఒకటి. ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ నిలబెట్టారు. ఆమె తల వంచుకునే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె తల వంచుకున్న తీరు ఈ నెల సువార్త పాఠం చూస్తే మళ్ళీ గుర్తొచ్చింది. ఈ ఏడు కతోలిక దేవాలయాల్లో మత్తయి సువార్త చదివే వంతు. నాలుగో ఆదివారం, అంటే 21న, యోసేపు ఘట్టం వస్తుంది. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు, అసలు సంగతి ఇంకా తెలియకముందే, ఆమెను నలుగురిలో అల్లరిపెట్టకూడదని మొదట అనుకున్నవాడు ఆయన. దేవదూత వచ్చింది ఆ తర్వాతే. క్రిస్మస్ కథలో మనుషులు చేసిన మొదటి మంచిపనుల్లో ఒకటి ఎదుటి మనిషి పరువు కాపాడాలనుకోవడం. దుప్పటి ఇవ్వండి, ఫోను జేబులో ఉంచండి. మా సంఘంలో ఈసారి అలాగే తీర్మానించుకున్నాం. చీకటి పడ్డాక ఇంటికే వెళ్ళి, కాసేపు కూర్చుని, కబుర్లు చెప్పి ఇచ్చి వస్తాం.

మన ఒంగోలు చరిత్రలోనూ ఇలాంటిదే ఒకటుంది. 1876-78 ధాత కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర కంట్రాక్టు పట్టి వేలమందికి పని, కూలి ఇప్పించాడు. కరువున్నన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని ఆయన పట్టు. కరువు తీరాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ అంకెను అందరూ చెప్పుకుంటారు. నేనైతే అంతకుముందు ఆయన ఆగిన నెలలనే ఎక్కువ తలుచుకుంటాను. ఆగమన కాలంలో ఎదురుచూడటమంటే అదీ ఒక రకం.

కేరల్స్ సంగతి. యవ్వనస్థులు ఈసారి వరస మార్చారు. ఇదివరకు పెద్దిళ్ళతో మొదలుపెట్టి, ఒంటరి ముసలివాళ్ళ గుమ్మానికి చేరేసరికి రాత్రి ఒంటిగంటయ్యేది. ఇప్పుడు ఏడింటికే వాళ్ళ ఇళ్ళకు. డప్పు నెమ్మదిగా, పాట వాళ్ళడిగింది. మంచం దిగలేని ఒక తాతగారు పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి అడిగి, చరణాలు మర్చిపోయిన కుర్రాళ్ళకు తనే అందించారు. కుర్రాళ్ళు ఇప్పుడు కీర్తనల పుస్తకం వెంటబెట్టుకుని తిరుగుతున్నారు.

మెదక్ వెళ్ళేవాళ్ళకో మాట. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ మహాదేవాలయానికి 25న ఇసుకేస్తే రాలని జనం. పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలంటే ఈ ఆగమన ఆదివారాల్లోనే వెళ్ళిరండి, రంగుటద్దాల కిటికీల ఎదుట తీరిగ్గా కూర్చోవచ్చు.

శనివారం మూడింటికి బియ్యం మూటలు కడుతున్నాం. చేటలున్నవాళ్ళు చేటలు, ఖాళీగా ఉన్నవాళ్ళు చేతులు తెచ్చుకోండి. జంతికల గొట్టాలు రెండే ఉన్నాయి, ఇంకో రెండు దొరికితే చీకటి పడేలోపు వంట ముగించి ఇళ్ళకు బయల్దేరవచ్చు.