మే 29న పుట్టినోళ్ళు

ఆటగాళ్ళ పుట్టినరోజులు చూస్తూ చూస్తూ మే 29 దగ్గర ఆగిపోయాను. చదరంగం గుకేశ్ (2006), బాస్కెట్‌బాల్ కార్మెలో ఆంథొనీ (1984), కార్ల రేసుల ఆల్ అన్సర్ (1939). అన్సర్ 1971లో ఇండియానాపొలిస్ 500 గెలిచింది సరిగ్గా పుట్టినరోజు నాడే! జాతకాల వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? 23 మంది ఉన్న గదిలో ఇద్దరికి ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం సగానికి కాస్త పైనే అని మన సాఫ్ట్‌వేరోళ్ళకి చెప్పక్కర్లేదు లెండి.

గుకేశ్ పుట్టింది చెన్నైలో. కుటుంబం మూలాలు మా వైపే, సత్యవేడు ప్రాంతం. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. 2024 డిసెంబరులో ప్రపంచ ఛాంపియన్ అవగానే మావాడంటే మావాడని రెండు రాష్ట్రాల వాళ్ళూ పోటీ పడ్డారు. ఊరి మీద తగువు ఉండొచ్చు గానీ తేదీ మీద లేదు. 2019 జనవరిలో 12 ఏళ్ళ 7 నెలల 17 రోజులకి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. కర్యాకిన్ రికార్డు 17 రోజుల్లో తప్పిపోయింది.

నాకు నచ్చింది మాత్రం టెన్సింగ్ నార్గే. (కొండలెక్కడం ఆటేనా అని అడక్కండి.) ఆయనకి తను ఏ రోజు పుట్టాడో తెలీదు. పంటల్నీ వాతావరణాన్నీ బట్టి 1914 మే చివర్లో అని లెక్క. 1953 మే 29న ఎవరెస్టు ఎక్కాక ఆ రోజునే పుట్టినరోజు చేసుకున్నాడు.

మా నాయనదీ అంతే. బళ్ళో చేర్చేటప్పుడు అయ్యవారు జులై 1 అని రాసేశారు. మా అవ్వ లెక్క వేరు, తిరుపతి గంగజాతర అయిన వారానికట. ఉద్యోగం, రిటైర్మెంటు, పింఛను అన్నీ జులై లెక్కలోనే జరిగాయి. ఇంట్లో పాయసం చేసేది మాత్రం జాతర అయిన వారానికే.