బస్తాల వెనక సిలిండర్

మా బాపట్ల వైపు ఓ రైస్ మిల్లులో చూశాను. మంటలార్పే ఎర్ర సిలిండర్‌కి అడ్డంగా తలెత్తు తవుడు బస్తాలు. మోటారు బెల్టు కమురు వాసన ముందు తెలిసేది అక్కడ పనిచేసే హమాలీకే. సిలిండర్ పిన్ను లాగడం మాత్రం ఆయనకెవరూ నేర్పలేదు.

అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కంపెనీలో 2024 ఆగస్టు 21న సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. అలాంటి ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికులూ యాజమాన్యమూ సమానంగా కూర్చునే సేఫ్టీ కమిటీ ఉండాలని 1987లోనే ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చారు. చిన్న మిల్లుకి అది వర్తించకపోతే మాత్రం ఏం? ఓనరు, గుమస్తా, హమాలీ నెలకోసారి కలిసి మిల్లంతా తిరిగి చూడటానికి చట్టమే కావాలా? "బాబుగారూ, ఇక్కడ వైరు కాలుతోందండీ" అన్నందుకు ఎవరి పనీ పోదని ఓనరు అందరి ముందూ చెప్పాలి. ఆ బస్తాలు మాత్రం ఇవాళే జరిపించండి.