మన యింటి చెత్త, వారి యింటి నీరు

గడచిన వేసవిలో దమ్మాయిగూడలోనున్న నా బాల్యస్నేహితురాలి యింటికి పోయితిని. గడపలో నడుగిడిన యతిథికి ముందుగా మంచినీరిచ్చుట మన యాచారము గదా! ఆమెయు చెంబుతో నీరు తెచ్చి నా చేతికిచ్చి, వెంటనే "భయపడకే, త్రాగు. ఇవి మా బోరునీళ్లు కావు, కొని తెప్పించినవి" అనెను. ఒక గృహిణి నీరిచ్చుచు తప్పు చేసినదానివలె పలుకుట నేనెన్నడును వినియుండలేదు. ఆ మాట నేటికిని నా మనస్సును కలచుచున్నది.

సాయంకాలమున గాలి తిరిగినతోడనే ఆమె లేచి కిటికీలన్నియు మూసెను. ఉక్కనైన నోర్వవచ్చును గాని ఆ దుర్గంధము నోర్వజాలమనెను. "మీ పట్నపు చెత్త యంతయు మా నెత్తిమీదికే వచ్చునే! నిన్న నీవు తరిగిన వంకాయల తొడిమలును అందులోనే యుండును" అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు. ప్రతి యుదయమును కూరతొక్కలు, చద్దియన్నము, ప్లాస్టిక్ సంచులు, మందుసీసాలు అన్నియు నొక్క డబ్బాలో వేసి చెత్తబండికి ఇచ్చి, ఇల్లు శుభ్రమైనదని సంతసించుచుంటిని. అది యెచటికి పోవునో యేనాడును తలపలేదు.

అది పోవునది దమ్మాయిగూడకు ప్రక్కనున్న జవహర్‌నగరునకు. మునుపు శామీర్‌పేట మండలములో చేరియుండిన యీ యూరు, 2016లో మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లా యేర్పడగా అందులోనికి వచ్చెను. ఈ శతాబ్ది యారంభమునుండి హైదరాబాదు నగరపు చెత్త యిచట 300 ఎకరములకు మించిన నేలపై కుప్పపడుచు వచ్చినది. దినమునకు వచ్చునది 6,000 టన్నులకు పైమాటయే. అందు సుమారు సగము వంటయిండ్లనుండియు, అంగళ్లనుండియు పోవు తడిచెత్త.

గాలి చొరని కుప్పలో తడిచెత్త క్రుళ్లినపుడు మండెడు వాయువు పుట్టును. నల్లని రసము కారును. ఆ రసము వాననీటితో కలిసి, బ్యాటరీలు మొదలగువానిలోని లోహములను, లవణములను కరగించుకొని పల్లమునకు దిగును. రాతిపగుళ్లలో నింకి బావులను, బోరులను చేరును. గుట్టకు దిగువనున్న మల్కారపు చెరువు నల్లబారినది ఇట్లే. చెరువు చెడినచో అందలి చేప, దానిక్రింది మడి, పశువులు త్రాగు నీరు అన్నియు చెడును. తిన్నది మనము, అనుభవించునది వారు.

ఆ యూళ్లవారు ఊరకుండలేదు. ధర్నాలు చేసిరి, న్యాయస్థానముల మెట్లెక్కిరి. ఏండ్ల తరబడి మొరపెట్టగా పాతగుట్టకు మట్టికప్పు వేసిరి. 2020లో చెత్తనుండి విద్యుత్తు తీయు కేంద్రమును, 2023లో నల్లరసమును శుద్ధిచేయు కేంద్రమును నెలకొల్పిరి. మేలే; కాని క్రొత్త చెత్త దినదినమును వచ్చుచునే యున్నది. దీనిని తమ యూరినుండి తీసివేయుడని వారు కోరుట న్యాయమే. తీసి యెచట పెట్టుదురు? మేడ్చలుకు పడమటనున్న గుమ్మడిదల మండలములో, ప్యారానగరున క్రొత్త చెత్తకేంద్రము పెట్టబూనగా, 2025 ఫిబ్రవరిలో నల్లవల్లి మొదలగు గ్రామములవారు వీధికెక్కిరి. వారికిని పొలములు, చెరువులు కలవు గదా! ఒక యూరివారి గుండెలమీది బండను ఇంకొక యూరివారి గుండెలమీదికి మార్చుట పరిష్కారమగునా?

మా అమ్మమ్మగారి యింట చెత్తడబ్బాయే లేదు. బియ్యపు కడుగు, గంజి, కూరతొక్కలు కుడితితొట్టికి పోవును; పేడ, ఊడ్చిన చెత్త పెంటకుప్పకు పోవును; పెంటకుప్ప ఏటికొకసారి పొలమునకు పోవును. మా పట్నపు టింట గేదె లేదు గాని, కుండ పెట్టుకొనుటకు చోటున్నది. తిరిగివచ్చిన మరునాడే, రంధ్రములు చేసిన మట్టికుండలో ఎండుటాకులు పరచి, తడిచెత్త వేసి, పైన మరల ఆకులు కప్పి, కొంచెము పుల్లమజ్జిగ చల్లితిని. మొదటి నెల పురుగులు పట్టి కంపు కొట్టగా మా అత్తగారు "ఇంట్లోనే జవహర్‌నగరు పెట్టితివా?" అని కోపించిరి. తడి యెక్కువైనదని గ్రహించి ఆకులు హెచ్చించితిని, కంపు పోయెను. మూడవ నెలలో నల్లని యెరువు చేతికి వచ్చెను. అత్తగారే దానిని తమ గోంగూర మడికి వేసికొనిరి.

ఈ విషయమున మనకు దారి చూపినదియు నొక స్త్రీయే. అల్మిత్రా పటేల్ గారు 1996లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయగా, దాని ఫలముగా 2000లో దేశమంతటికిని పురపాలక చెత్తను గూర్చిన నియమములు వెలసినవి. తడి, పొడి, అపాయకరము అని చెత్తను ఇంటనే మూడుగా విడదీయవలెనని 2016 నాటి నియమములు విధించినవి.

సోదరీమణులారా! నా కుండయొక్కటి ఆ గుట్టను కరగింపలేదు. అచటివారికి మంచినీరిచ్చుట, చెడిన చెరువును బాగుచేయుట ప్రభుత్వము విధి. మనము వేరుచేసి యిచ్చినదానిని బండిలో మరల నొకటిగా కలిపివేసినచో, నిలిపి యడుగుట మన విధి. ఈసారి దమ్మాయిగూడకు పోవునపుడు నా స్నేహితురాలి పెరటికి కొంత యెరువు తీసికొనిపోయెదను. ఆమె చేతి చెంబు నందుకొనునపుడు తలయెత్తి ఆమె మొగము చూడగలుగుదునేమో!