ముక్కలుగా చెప్పుకున్న జబ్బు

మదనపల్లె చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు క్షయ పేరు కొత్త కాదు. 1915లో అక్కడ వెలసిన ఆరోగ్యవరం శానిటోరియం గురించి పెద్దలు చెప్పగా వింటూ పెరిగాం. ఆగని దగ్గు, గళ్లలో నెత్తురు, చిక్కి శల్యమైన మనిషి. క్షయ అంటే మా మనసుల్లో నిలిచిపోయిన రూపం అదే. మా మేనత్తకు దగ్గు లేదు. నడుము నొప్పి ఉండేది.

టమాటా తోటలో పొద్దస్తమానం వంగి కాయలు కోసే మనిషికి నడుము నొప్పి రాకపోతేనే వింత. ఎముకల డాక్టరు మాత్రలు రాసి, బరువులెత్తొద్దన్నారు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడితే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేది. రాత్రిళ్లు చెమటకు రవిక తడిసిపోతోందని పక్కింటావిడతో అంటే, ముట్లు ఆగే వయసులో అంతేనని ఆవిడ ధైర్యం చెప్పింది. రవికలు వదులైతే తనే కుట్లు లోపలికి వేసుకుంది. మాత్ర వేసుకున్న పూట నొప్పి తగ్గేది కూడా. తగ్గుతున్నట్టు కనిపించే జబ్బును ఎవరు అనుమానిస్తారు?

తిరుపతిలో ఒక పెద్ద డాక్టరు ఎక్స్‌రే కవరు పక్కన పెట్టి, "పడుకున్నా నొప్పి ఉంటుందామ్మా?" అని అడిగారు. వెన్ను మీద బొటనవేలితో ఒక్కో పూసా నొక్కుకుంటూ కిందికి వచ్చారు. ఒకచోట అత్త ఉలిక్కిపడి, "అబ్బా, ఆడే సామీ" అంది. ఆయన వేలు అక్కడే ఉంచి జ్వరం గురించి, చెమట గురించి, ఆకలి గురించి అడిగారు. రవిక కుట్ల సంగతి అప్పుడు బయటపడింది. ఇవన్నీ ముందెవరికీ చెప్పలేదా అంటే, "నడుము నొప్పికని పోయి చెమటల సంగతి చెప్పేదేంది సామీ?" అంది.

ఎంఆర్‌ఐలో రెండు పూసలూ వాటి నడుమ డిస్కూ తినేసి ఉన్నాయి. పక్కన చీము చేరింది. సూదితో తీసిన ఆ చీములో సీబీనాట్ పరీక్ష క్షయ క్రిమిని పట్టింది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా ఉంది. వెన్నుకు వచ్చే ఈ జబ్బును పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు వైద్యుడు 1779లోనే వర్ణించాడట. అదే క్షయ మెడ మీద గడ్డగా, తగ్గని కడుపు నొప్పిగా, తలనొప్పితో మొదలయ్యే మెదడు జబ్బుగా, కొందరు స్త్రీలలో సంతానం కలగకపోవడంగా కూడా బయటపడుతుంది. అలాంటి చోట్ల క్రిములు తక్కువ. జబ్బున్న చోటి నుంచే నమూనా తీయాలి. ఒక పరీక్షలో దొరకనంత మాత్రాన లేదని తేల్చడానికి వీల్లేదు. పైగా లివోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు ఆ క్రిమిని కొన్నాళ్లు అణచి ఉంచుతాయి. జబ్బు పోదు, ఆనవాలు మరుగవుతుంది.

లోపం ఎవరిదని చాలాకాలం నాలో నేను తర్కించుకున్నాను. నడుము నొప్పులన్నీ క్షయ కావు. వచ్చిన ప్రతివారికీ స్కాన్ రాయమనడం న్యాయం కాదు. ఎవరు విన్నదానికి వాళ్లు సరైన జవాబే ఇచ్చారు. ఎముకల డాక్టరుకు నొప్పి తెలుసు, ఆర్‌ఎంపీకి జ్వరం తెలుసు, పక్కింటావిడకు చెమటలు తెలుసు. మూడూ తెలిసిన మనిషి అత్త ఒక్కతే. అవి మూడూ ఒకటేనని ఆమెకు తెలియదు.

మనమంతా చేసేది ఇదే కదా అనిపిస్తుంది. ఏ బాధ ఎవరికి చెప్పాలో మనమే పంచుకుని, మిగతాది అనవసరమని దాచుకుంటాం. ఏది అవసరమో ఎంచే పని వైద్యుడిది. ఉన్నదంతా చెప్పడం వరకే మన వంతు. ఆ డాక్టరు దగ్గరున్న విద్య ఇతరులకు లేనిది కాకపోవచ్చు. నొప్పి చెప్పిన చోట వేలు ఉంచి, నొప్పి కానివాటిని కూడా అడిగే ఓపిక ఆయనకుంది. వైద్యంలో ఆ ఓపిక కూడా ఒక పరీక్షేనని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఎముకల క్షయకు మందులు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. నొప్పి తగ్గాక కూడా అత్త ఒక్క పూట మానలేదు. మాత్రలకు మూత్రం ఎర్రబడితే మొదట భయపడింది గానీ, అది రిఫాంపిసిన్ రంగేనని చెప్పాక కుదుటపడింది.

రెండు వారాలు దాటినా జ్వరం పోకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పడుకున్నా నొప్పి వదలకపోయినా, దగ్గు లేదు కదా అని ఊరుకోకండి. క్షయ పరీక్షలూ మందులూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. వెళ్లేముందు ఒంట్లో తేడాగా అనిపించినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్క డాక్టరుకే అన్నీ చెప్పండి.