పాత కారు – ఎర్ర దీపం

మన సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదక మిత్రుడు అడిగితే, కవిత్వం నా వల్ల కాదు, కార్ల గురించైతే రాస్తానన్నాను. "హాస్టల్లో కార్లెవరికున్నాయోయ్!" అని నవ్వాడు. నిజమే. కాని మనలో చాలామంది కొనబోయే మొదటి కారు ఇంకొకరు వాడి వదిలిందే అవుతుంది. అంచేత ఈ నాలుగు ముక్కలూ ఎప్పటికో ఒకప్పటికి పనికిరాకపోవు.

మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద వస్తే, కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువున్న ఊరు. మా చిన్నాయిన వారపు అంగళ్ళలో బట్టలమ్ముతాడు. యాచారం, మాల్, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరగాలి. 2018లో, నేను పదో తరగతిలో ఉండగా, నలభై ఐదు వేలు పెట్టి ఒక పాత మారుతి 800 కొన్నాడు. కార్బురేటర్ కాలం నాటి బండి. వెనక సీటు తీసేసి బట్టల మూటలు పెట్టేవాడు.

ఈ మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. ఇంజను 796 సీసీ, మూడే సిలిండర్లు. ఈ మూడు అన్న లెక్కను కాస్త గుర్తుపెట్టుకోండి. అంబాసిడరుకు నాలుగు. అందులో ఒకటి పడకేసినా మిగతా మూడూ ఎలాగో ఈడుస్తాయి. మూడున్న చోట ఒకటి పడిపోతే మూడో వంతు బలం పోయినట్టే. బండి కుంటుతుంది, స్టీరింగు వణుకుతుంది, చడావు ఎక్కనని మొరాయిస్తుంది. మెకానిక్కులు దీన్నే "మిస్సింగ్" అంటారు. సిలిండరులో మంట మండాలంటే పెట్రోలు, గాలి, వాటిని బిగించి నొక్కే ఒత్తిడి, సరైన వేళకు నిప్పురవ్వ, ఈ నాలుగూ కావాలి. ఏ ఒక్కటి లోపించినా ఆ సిలిండరు ఆ విడతకు ఊరుకుంటుంది.

వానాకాలం మొదలవగానే చిన్నాయిన బండికి మిస్సింగ్ పట్టుకుంది. ఊళ్ళో ఒక మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మళ్ళీ వాన, మళ్ళీ కుంటుడు. ఈసారి కార్బురేటరు విప్పి కడిగాడు. తర్వాత పెట్రోలు పంపు మార్చాడు. నాలుగు వేల చిల్లర పోయింది. దానికంటే పెద్ద దెబ్బ, దసరా ముందర రెండు మాల్ అంగళ్ళు తప్పాయి. బట్టలమ్మేవాడికి దసరా ముందర అంగడి తప్పడమంటే ఏమిటో వ్యాపారం చేసే ఇళ్ళల్లో పిల్లలకు చెప్పనక్కరలేదు. మా చిన్నమ్మ ఆ వారం రోజులూ కారు వైపు చూడనైనా చూడలేదు.

ఆఖరికి సాగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండే ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. నేనూ వెంటపోయాను. ఆయన పానా ముట్టలేదు. ముందు అడిగిందొక్కటే: "ఎప్పుడు మిస్ కొడ్తది తమ్మీ? పొద్దుగాలనా, ఎండలనా, వానలనా?" వానలో, మంచులో అని చెప్పాడు చిన్నాయిన. ఆ రోజు ఎండ కాస్తోంది, బండి శుభ్రంగా నడుస్తోంది. మిస్త్రీ ఒక సీసా మూతకు బొక్కలు పొడిచి, ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు వైర్ల మీద తుంపరలు చల్లాడు. బండి వెంటనే కుంటడం మొదలుపెట్టింది. రోగం కంటి ముందుంటేనే వైద్యం!

అప్పుడు పిడికి రబ్బరున్న పటకారుతో ఒక్కొక్క వైరూ పీకి మళ్ళీ పెట్టాడు. మొదటిది పీకితే ఇంజను ఇంకా కుంగింది. మూడోదీ అంతే. రెండోది పీకితే మాత్రం ఏ తేడా లేదు. అంటే చచ్చింది రెండో సిలిండరే. నేనైతే వెంటనే కొత్త ప్లగ్గు తెమ్మనేవాణ్ణి. ఆయన రెండో ప్లగ్గును మూడో దానిలోకీ, మూడో దాన్ని రెండో దానిలోకీ మార్చాడు. అయినా రెండో సిలిండరే చచ్చింది. కాబట్టి ప్లగ్గు నిర్దోషి. తర్వాత ఆ రెండింటి వైర్లు అటూ ఇటూ చేశాడు. ఇప్పుడు మూడోది పడిపోయింది! వైరుతోపాటు రోగమూ జరిగింది.

"కొత్తది కొని చూసుడు కాదు బిడ్డా, ఉన్నది జరిపి చూడాలె" అన్నాడు నాతో.

చిన్నాయినకు నమ్మకం కుదరలేదు. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి చూపించాడు మిస్త్రీ. తడిసిన ఆ వైరు పగుళ్ళలోంచి నీలిరంగు రవ్వలు ఇంజను ఇనుము మీదికి చిటపటా దూకుతున్నాయి. ప్లగ్గుకు చేరవలసిన కరెంటు దారిలోనే కారిపోతోందన్నమాట.

ఇప్పటి కార్లకు ఈ పీకుడు వైద్యం చేయకండి. సిలిండరుకొక కాయిలున్న బండ్లలో అది పొరపాటు. పైగా మండని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉన్న కెటలిటిక్ కన్వర్టరులో పడి దాన్ని కాల్చేస్తుంది. వాటికి డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజను దీపం ఉంటుంది. నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోమని. మిణుకుమిణుకుమంటే సాధారణంగా గట్టి మిస్సింగే, బండి పక్కకు తీసి ఆపమని. స్కానరు తగిలిస్తే పీ 0302 వంటి అంకె వస్తుంది. రెండో సిలిండరు మిస్సవుతోందని దాని అర్థం. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది ఆ అంకె చెప్పదు. అంకె చూసి దుకాణానికి పరుగెత్తేవాడికీ మా ఊరి మొదటి మెకానిక్కుకూ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. అక్కడా కాయిలు పక్క సిలిండరుకు జరిపి చూడవలసిందే.

ఇక ఎర్ర దీపం సంగతి. వైరు మార్చాక తాళం తిప్పి చూసిన మిస్త్రీ మొహం చిట్లించాడు. ఇంజను స్టార్టు కాకముందు తాళం తిప్పితే బ్యాటరీ దీపం, ఆయిలు దీపం రెండూ వెలగాలి. బ్యాటరీది మాత్రమే వెలిగింది. మీటరు విప్పితే ఆయిలు దీపానికి బల్బే లేదు. "ఎవరో కావాల్ననే పీకిన్రు తమ్మీ" అన్నాడు. కొత్త బల్బు పెట్టాడు. ఇంజను వేడెక్కి నెమ్మది మీద తిరుగుతుంటే ఎర్రగా వెలగసాగింది. అది ఆయిలు మట్టం చెప్పే దీపం కాదు, ఒత్తిడి చెప్పేది. కమ్మీ తీసి చూస్తే ఆయిలు సరిగానే ఉంది. దీపానికి సంకేతమిచ్చే స్విచ్చే చెడిందేమోనని, దాన్ని విప్పి ఆ చోట గేజీ బిగించి కొలిచాడు. ఒత్తిడి నిజంగానే లేదు. లోపల బేరింగులు అరిగాయి. ఇంజను దించాలంటే బండి కొన్న ఖరీదులో సగమవుతుంది.

అంత డబ్బు లేదు. అమ్ముదామంటే, బేరగాడు ముప్పై ఎనిమిది వేలు ఇప్పిస్తానన్నాడు. "బల్బే గదనే, పీకేస్తే పాయె!" అన్నాడు. చిన్నాయిన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చిన్నమ్మ కూడా ఏమీ అనలేదు, కాని అప్పు ఎవరికెంత ఇవ్వాలో మాత్రం రెండుసార్లు లెక్క చెప్పింది.

మంచాల వైపు నుంచి ఒకతను చూడ్డానికి వచ్చాడు. పాల వ్యాపారం. తాళం తిప్పాడు, రెండు దీపాలూ వెలిగాయి. స్టార్టు చేశాడు, రెండూ ఆరిపోయాయి. బండి బాగుందని దిగబోయాడు. "ఇంకో పది నిమిషాలు నడువనియ్యే అన్నా" అన్నాడు చిన్నాయిన. ఇంజను వేడెక్కింది. ఎర్ర దీపం వెలిగింది. అదేమిటో చిన్నాయినే చెప్పాడు.

ఇరవై రెండు వేలకు బేరం తెగింది. అప్పులు పోగా మిగిలినదానితో పాత టీవీఎస్ మోపెడ్ కొన్నాడు. ముందూ వెనకా మూటలు కట్టుకుని యాచారం దాకా పోయివచ్చేవాడు. మాల్ అంగడి మాత్రం మానేశాడు, మోపెడ్ మీద అంత దూరం ఆ బరువుతో కుదరదని.